వందలోంచి ఏడు

గేటు దగ్గర వేలికి క్లిప్పు తగిలించి
ఇర్మా కోల్కే అడుగుతుంది:
వందలోంచి ఏడు తీసెయ్.
తొంభై మూడు.
ఇంకో ఏడు.
ఎనభై ఆరు.
అటకామాలో ఈ క్యాంపు ఎత్తు మూడు వేల మీటర్లకి కాస్త తక్కువ.
ఇక్కడ అందరం లెక్కల మాస్టర్లమే.
ఆమె నవ్వదు. కాగితం మీద టిక్కు పెట్టి
ఆక్సిజన్ సీసా చేతికిస్తుంది,
పొలానికెళ్ళే వాడికి సద్దిమూట ఇచ్చినట్టు.

జీపు ఎక్కుతూనే ఉంటుంది.
కొంత దూరం వికున్యాలు తోడొస్తాయి.
తర్వాత గడ్డి ఆగిపోతుంది, అవీ ఆగిపోతాయి.
మేం ఆగం.
ఐదు వేలు దాటాక
సీటు మీద చిప్స్ ప్యాకెట్టు బూరెలా పొంగుతుంది.
లోపల నాకేదో
అదే లెక్కన సన్నబడుతుంది.

ఆంటెన్నా మెడ కింద ఇరవై నాలుగు బోల్టులు.
కింద షెడ్డులో అయితే నలభై నిమిషాల పని,
ఈల వేసుకుంటూ.
ఇక్కడ ఈల వేసినవాడు
మోకాళ్ళ మీద కూలబడతాడు.
ఒక్కో బోల్టుకీ రెంచి దించి
మిట్టమధ్యాహ్నమే నలుపు తిరిగిన ఆ నీలంలోకి
చేపలా నోరు తెరవాలి.
గ్లవ్సు తీస్తే వేళ్ళు ఉండవు,
తొడిగితే బోల్టు ఉండదు.
రెంచి టక్కుమంటే ఒకటి బిగిసినట్టు.
పదకొండు. టక్.
పన్నెండు.
పన్నెండు ఇందాకే అయిందా?
కణతల్లో కొట్టుకునేది కూడా
టక్కు టక్కుమనే కొట్టుకుంటుంది.

ఒస్వాల్దోని పిలవబోయి
మా తమ్ముడి పేరు పెట్టి పిలిచాను.
వాడు పలికాడు.

శాంతియాగో ఆఫీసు కాగితంలో రెండు గడులు:
అనుకున్న సమయం, పట్టిన సమయం.
తేడాకి కారణం రాయాలి.
గాలి, అని రాశాను పోయిన నెల.
తిప్పి పంపారు.
ఆ రోజు గాలి మందంగానే వీచింది,
రికార్డులు చూశాం, అన్నారు.
ఏం చెప్పను.
నేను రాసింది వీచే గాలి గురించి కాదు బాబూ,
పీల్చే దాని గురించి.

ఆ రాత్రి కింద, ఇనప మంచం మీద,
అన్నం తిన్నాక, ఊపిరి అడుగంటా నిండాక,
అడక్కుండానే వచ్చింది లెక్క.
పదిహేడు.
పదిహేడుని నేను ముట్టుకోలేదు.
పదహారు తర్వాత కూర్చున్నాను, సీసా పీల్చాను,
లేచి పద్దెనిమిది దగ్గరికి వెళ్ళాను.
అది చేసినప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాను.
ఇరవై నాలుగు అయ్యాయని సంతకం కూడా పెట్టాను,
గుండ్రంగా, మంచి దస్తూరీతో.

పొద్దున్నే ఇర్మాకి చెప్పాను. మొదట ఆమెకే చెప్పాను.
తిట్టలేదు. సొరుగులోంచి
నూనె మరకల నోటుబుక్కు తీసి
తేదీ వేసింది, "బోల్టు" అని రాసింది.
పైన ఉన్న వరసలు కనిపించాయి:
వాల్వు. తాళం చెవి. తప్పు కేబులు.
కూతురి పేరు.
"కూతురి పేరు ఎవరిది?" అన్నాను.
ఆమె క్లిప్పు నా వేలికి పెట్టింది.
"ఒక్కసారే వెళ్ళాను పైకి," అంది.
"వందలోంచి ఏడు తీయమన్నారు.
చాలాసేపు
వంద దగ్గరే ఉండిపోయాను."
తర్వాత, ఎప్పట్లాగే,
"ఊఁ, చెప్పు."
తొంభై మూడు.

ఇవాళ ఒస్వాల్దో అంకె అరుస్తాడు,
నేను తిరిగి అరుస్తాను,
బిగించిన దాని మీద సుద్దతో గీత గీస్తాను.
ఇంకో గంట ఎక్కువ పడుతుంది.
గడిలో ఏం రాయాలో కిందికొచ్చాక ఆలోచిస్తా,
ఆలోచనలు అక్కడే దొరుకుతాయి కాబట్టి.
సుద్దముక్క కుడి జేబులో వేసుకున్నాను.
ఎడమ జేబులో ఇంకొకటి,
మొదటిది ఏ జేబులో ఉందో
పైన నాకు తెలియదు కనక.